ప్లీడరు గారి రెండవ న్యాయస్థానం: బళ్ళారి రాఘవగారి జీవితం, చిత్రాలు

(శతవార్షిక సభల సందర్భంగా హిమాయత్‌నగర్ సంఘంలో చేసిన ప్రసంగ పాఠం)



శతవార్షిక సంవత్సరంలో ఒక్కొక్క సాయంకాలం ఒక్కొక్క విషయం గురించి మాట్లాడుకోవాలని పెద్దలు నిర్ణయించారు. మేము ఎన్నుకున్న విషయం విని కొందరు నవ్వారు. మందిరం ఆవరణలో సినిమా వేషాలు వేసినవాని గురించి ప్రసంగమా అని అడిగారు. అడగవలసిన ప్రశ్నే. అందుచేత ముందుగా కారణం చెప్పుకుంటాము.

కొంతకాలం క్రిందట మన సంఘస్థుడైన ఒక రైతు ఆరాధన ముగిసిన తరువాత మమ్మల్ని చింతచెట్టు క్రింద ఆపాడు. ఉన్న రెండెకరాలలో కూరగాయలు పండించి, తెల్లవారుజామున మార్కెట్టుకు మోసి, కొడుకును లా చదివించాడు. కొడుకు పరీక్ష ప్యాసయ్యాడు. ఇంటిల్లిపాదీ సంతోషించారు. ఆ కుర్రవాడు మాత్రం నాటకాలలో చేరతాను, వీలైతే సినిమాలలో వేస్తాను అన్నాడట. "పోరన్ని వకీలును చేద్దామనుకుంటే వేషాలేస్తనంటుండు. మీరన్న జెర చెప్పుండ్రి" అన్నాడు ఆ తండ్రి. ఆయన కళ్ళలో నీళ్ళు ఉన్నాయి. ఆ పూట మా దగ్గర జవాబు లేదు. పెద్దవాళ్ళం కనుక ఏదో ఒకటి చెప్పి పంపించాము గాని, అది మాకే తృప్తి కలిగించలేదు. ఈ ప్రసంగం ఆ తండ్రికి ఆలస్యంగా చెప్తున్న జవాబు.

మన ప్రాంతంలో వకీలు అన్న మాటకు గొప్ప గౌరవం ఉంది. పొరుగున ఉన్న పెద్దమంగళారంలో పుట్టిన కొండా వెంకట రంగారెడ్డిగారు వకీలే. న్యాయవాద వృత్తిలోనుండి ప్రజాజీవితంలోకి వచ్చి, ఆంధ్రప్రదేశ్ ఉపముఖ్యమంత్రి అయ్యారు. 1978లో ఏర్పడిన జిల్లాకు ఆయన పేరే పెట్టారు. కోర్టుకు వెళ్ళలేని పేదవానికి వకీలు నోరు వంటివాడు. తన మాట తాను చెప్పుకోలేనివాని పక్షాన నిలబడి చెప్పేవాడు. అటువంటి వృత్తి వదిలి ముఖానికి రంగు పూసుకోవడం తండ్రికి పతనంగా కనిపిస్తే ఆయనను తప్పు పట్టలేము. అయితే ముఖానికి రంగు పూసుకొని కూడా ఇతరుల పక్షాన మాట్లాడవచ్చునా? ఈ ప్రశ్నకు తన జీవితంతో జవాబు చెప్పిన ప్లీడరు ఒకరున్నారు. ఆయనే బళ్ళారి రాఘవగారు.

రాఘవగారి పూర్తి పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. 1880 ఆగస్టు 2న అనంతపురం జిల్లా తాడిపత్రిలో పుట్టారు. పెరిగినది, పేరు తెచ్చుకున్నది బళ్ళారిలో. ఇప్పుడు బళ్ళారి కర్ణాటకలో ఉంది. 1953 వరకు మద్రాసు రాష్ట్రంలో, దత్తమండలాలలో భాగంగా ఉండేది. తెలుగు, కన్నడం రెండూ వీధిలో వినిపించే ఊరు. ఆ ఊరిలో ఆ రోజులలో ఒక విచిత్రం జరిగింది. పగలు కోర్టులో వాదించే ప్లీడర్లే రాత్రి నాటకాలు వ్రాసి ఆడేవారు. రాఘవగారి మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారు న్యాయవాది. ఆయనే ఆంధ్ర నాటక పితామహుడు. సరసవినోదినీ సభ స్థాపించి, తెలుగులో విషాదాంత నాటకానికి దారి తీశారు. ఆయనకు పోటీగా సుమనోరమ సభ నడిపి, చారిత్రక నాటకాలు వ్రాసిన కోలాచలం శ్రీనివాసరావుగారు కూడా న్యాయవాదే. ఇటువంటి ఊరిలో, ఇటువంటి ఇంటిలో పెరిగిన కుర్రవానికి కోర్టు, రంగస్థలం రెండూ ఒకే వీధిలోని రెండు ఇళ్ళవలె కనిపించి ఉంటాయి.

రాఘవగారు పై చదువు చదివినది మద్రాసు క్రైస్తవ కళాశాలలో. స్కాట్లండు మిషనరీలు 1837లో నాటిన విద్యాలయమది. రాఘవగారి విద్యార్థి దశలో ఆ కళాశాలకు అధ్యక్షులుగా ఉన్న విలియం మిల్లరు దొరగారు షేక్స్‌పియరు నాటకాలలోని నీతి మీద గ్రంథాలు వ్రాసినవారు. మిషను కళాశాలలో నాటకాన్ని పాపంగా కాక పాఠంగా చూచిన కాలమది. ఈ సంగతి మనం మరచిపోరాదు. రాఘవగారు ఒథెల్లో, షైలాకు వంటి పాత్రలను ఇంగ్లీషులోనే ధరించి పేరు పొందారు. తరువాత మద్రాసు లా కాలేజీలో చదివి, 1905లో పట్టా పుచ్చుకొని బళ్ళారిలో ప్లీడరు అయ్యారు. క్రిమినలు కేసులలో దిట్ట అనిపించుకొని ప్రభుత్వ ప్రాసిక్యూటరుగా కూడా పనిచేశారు.

ఇక్కడ ఒక మాట మనవి చేసుకుంటాము. క్రిమినలు ప్లీడరు రోజూ చూచేది ఎవరిని? దొంగను, హంతకుని, భార్యను అనుమానించి కత్తి పట్టినవానిని, అప్పు తీర్చలేక తప్పుడు కాగితం వ్రాసినవానిని. వారి ముఖాలు, వారు అబద్ధం చెప్పేటప్పుడు చేతులు వణికే తీరు, నిజం చెప్పేటప్పుడు గొంతు పట్టుకుపోయే తీరు ఆయన కళ్ళ ముందర ఉంటాయి. ఒథెల్లో వేషం వేయడానికి ఇంతకంటే మంచి బడి ఉన్నదా? నేరం చేసినవానికి కూడా తన పక్షం చెప్పుకునే హక్కు ఉంది అన్నది కోర్టు నేర్పే మొదటి పాఠం. దుష్టపాత్ర ధరించేవాడు కూడా అదే నేర్చుకోవాలి. లోపల ఆ మనిషి తనకు తాను ఏమి చెప్పుకుంటున్నాడో తెలియకపోతే, మీసం మెలివేసి అరవడం తప్ప ఏమీ చేయలేడు.

ఆనాటి తెలుగు నాటకంలో అరవడం, పాడడం ఎక్కువ. ఒక పద్యాన్ని రాగం తీసి తీసి పాడితే జనం మళ్ళీ పాడమని కేకలు వేసేవారు. చనిపోయి పడివున్న పాత్ర లేచి మళ్ళీ పాడి మళ్ళీ చనిపోయిన ముచ్చట్లు మన పెద్దలు చెప్పగా విన్నవే. రాఘవగారు దీనికి ఎదురు నిలిచారు. మనిషి మాట్లాడినట్టు మాట్లాడాలి, రాగం కంటే భావం ముఖ్యం అన్నారు. కోలాచలంవారి విజయనగర పతన నాటకంలో పఠాన్ రుస్తుం వేషం ఆయనకు అపారమైన కీర్తి తెచ్చింది. చాణక్యుడు, హిరణ్యకశిపుడు, దుర్యోధనుడు, రామదాసు ఒకరితో ఒకరికి పోలికలేని పాత్రలు. తెలుగు, కన్నడం, ఇంగ్లీషు, హిందీ భాషలలో వేషాలు వేశారు. 1927లో ఆయన ప్రదర్శించిన దీనబంధు కబీరు అనే హిందీ నాటకాన్ని గాంధీ మహాత్ముడు చూచి మెచ్చుకున్నారు. ఇంగ్లండు వెళ్ళి అక్కడి రంగస్థలం చూచి, బెర్నార్డ్ షాను కలుసుకొని వచ్చారు.

ఇంతకంటే పెద్ద పని ఆయన చేసినది ఇంకొకటి ఉంది. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలి అన్నారు. ఈ మాట ఈ రోజు వినడానికి చిన్నదిగానే ఉంటుంది. మన సంఘం సంగతే చూడండి. క్రిస్మస్ నాటకంలో మరియమ్మ వేషానికి ఆడపిల్లను పంపమంటే ఏ ఇంటివారూ పంపని రోజులు మాకు గుర్తున్నాయి. మీసాలు మొలవని కుర్రవానికి అక్క చీర కట్టి, ముసుగు వేసి కూర్చోబెట్టేవాళ్ళం. తొట్టె పక్కన కూర్చున్న ఆ మరియమ్మ గొర్రెల కాపరులను చూచి నవ్వు ఆపుకోలేక తల వంచుకునేది. మన ఇంటి ఆడపిల్ల నలుగురి ఎదుట నిలబడి మాట్లాడితే పరువు పోతుందని మనం భయపడ్డాము. రాఘవగారి కాలంలో ఆ భయం పది రెట్లు. అయినా కొమ్మూరి పద్మావతీదేవి వంటి చదువుకున్న కుటుంబ స్త్రీలు ముందుకు వచ్చి ఆయన సరసన నటించారు. పి.వి. రాజమన్నారుగారు వ్రాసిన "తప్పెవరిది" అనే సాంఘిక నాటకాన్ని రాఘవగారు ప్రదర్శించారు. పద్యాలు లేని నాటకం. మన ఇళ్ళలోని మాటలే అందులో ఉంటాయి. రాజమన్నారుగారు కూడా న్యాయవాదే. తరువాత మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. పేరులోనే ప్రశ్న పెట్టిన ఆ నాటకాన్ని ఒక ప్లీడరు వ్రాయగా ఇంకొక ప్లీడరు ఆడడం ఎంత సహజంగా ఉంది!

ఇక సినిమాల సంగతి. తెలుగు టాకీ 1932లో పుట్టింది. రాఘవగారు తెర మీదికి వచ్చేసరికి ఆయనకు 56 ఏళ్ళు. మనలో చాలామంది ఆ వయసులో విశ్రాంతి గురించి ఆలోచిస్తారు. 1936లో "ద్రౌపదీ మానసంరక్షణం" అనే చిత్రంలో ఆయన దుర్యోధనుడు. అదే కథతో అదే ఏట "ద్రౌపదీ వస్త్రాపహరణం" అనే మరొక చిత్రం పోటీగా వచ్చింది. జనం రెండవదానినే ఆదరించారు. రాఘవగారి చిత్రం ఓడిపోయింది. అంతటి నటుడు ఉండి కూడా ఓడిపోయింది. దీనిని దాచవలసిన పని లేదు. రంగస్థలం మీద ఎదుట జనం ఉంటారు. వారి ఊపిరి వినిపిస్తుంది. కెమెరా ముందర అది ఉండదు. జీవితమంతా ఒక విద్యలో ఆరితేరినవాడు పెద్ద వయసులో వేరొక విద్య దగ్గర మళ్ళీ ఓనమాలు దిద్దవలసి వచ్చింది.

అయినా ఆ వేషం గురించి మేము చాలా ఆలోచించాము. భారత కథ మనందరికీ చిన్ననాటి నుండి తెలిసినదే. జూదంలో ధర్మరాజు తనను తాను ఓడిన తరువాత ద్రౌపదిని ఒడ్డాడు. ఆమె సభకు వచ్చి అడిగినది ఏడుపు కాదు, న్యాయమైన ప్రశ్న. తనను తాను ఓడినవానికి ఇంకొకరిని పందెం పెట్టే హక్కు ఎక్కడిది అని అడిగింది. భీష్మునంతటివాడు నీళ్ళు నమిలాడు. నిండు సభలో న్యాయం తెలిసినవారు ఎందరో ఉన్నారు, ఆమె పక్షాన నిలబడి గెలిపించిన ప్లీడరు మాత్రం లేడు. ఆ అన్యాయపు సభను నడిపించినవాడు దుర్యోధనుడు. ముప్పై ఏళ్ళు కోర్టులో నిలబడిన ప్లీడరు ఆ సభలో కూర్చొని, జవాబు లేని ప్రశ్నను వినే దుర్యోధనుడుగా నటించాడు. ఇది ఎంత వింత! దుర్మార్గాన్ని లోపలనుండి చూపించడం కూడా సాక్ష్యం చెప్పడమే.

రెండవ చిత్రం "రైతుబిడ్డ", 1939. ఈ చిత్రం గురించి ఈ ఊరిలో, రైతుల మధ్య, కాస్త నిదానంగా చెప్పుకోవాలి. దీనికి దర్శకులు గూడవల్లి రామబ్రహ్మంగారు. అంతకు ముందు ఏడు, 1938లో, అంటరానితనాన్ని ఖండిస్తూ "మాలపిల్ల" తీసినవారు ఆయనే. మన సంఘాలలో ఎన్నో కుటుంబాలు ఆ చిత్రం పేరు గౌరవంతో తలచుకునేవి. ఆయన తీసిన "రైతుబిడ్డ" జమీందారీ విధానం మీద ఎక్కుపెట్టిన చిత్రం. అందులో రాఘవగారు నర్సిరెడ్డి అనే చిన్న రైతు. జమీందారు బలపరచినవానికి కాక రైతుల పక్షాన నిలబడినవానికి ఓటు వేసినందుకు ఆ కుటుంబం కష్టాల పాలవుతుంది. టంగుటూరి ప్రకాశం పంతులుగారి అన్నదమ్ముల బిడ్డ సూర్యకుమారి ఆ చిత్రంలో నటించింది. ప్రకాశంగారే అప్పటికి కొద్ది కాలం క్రిందట మద్రాసు రాష్ట్రపు రెవిన్యూ మంత్రిగా, జమీందారీ రైతుల కష్టాలు విచారించే సంఘానికి అధ్యక్షత వహించి ఉన్నారు. విచారణ నివేదికలో అంకెలు, సాక్ష్యాలు ఉంటాయి. అవి చదవలేని రైతుకు రాఘవగారి ముఖంలో తన ముఖం కనిపించింది.

జమీందార్లకు కోపం వచ్చింది. వారి ఒత్తిడి మీద ప్రభుత్వం చిత్రాన్ని నిషేధించింది. ఇంకొక చిత్రం ఏమిటంటే, ఆ సినిమా తీసిన సారథీ ఫిలిమ్స్ వెనుక ఉన్న చల్లపల్లి రాజాగారు స్వయంగా జమీందారు. లోకంలో న్యాయం, అన్యాయం గీత గీసినట్టు రెండు పక్కలా విడిపోయి ఉండవు. జమీందారు డబ్బుతో, ప్రభుత్వ ప్రాసిక్యూటరుగా పనిచేసిన ప్లీడరు, రైతు వేషం వేసి రైతు పక్షాన మాట్లాడాడు. కోర్టులో ఆయన వాదించిన కేసులు ఎన్ని గెలిచారో, ఎన్ని ఓడారో మనకు ఈనాడు తెలియదు. నిషేధంతో ఓడిపోయిన ఈ ఒక్క కేసు మాత్రం ఇంకా జ్ఞాపకం ఉంది. 1948లో మద్రాసు ప్రభుత్వం జమీందారీల రద్దు చట్టం చేసింది. 1949లో మన హైదరాబాదు రాజ్యంలో జాగీర్లు రద్దయినాయి. సినిమా వలన చట్టం వచ్చిందని మేము అనము. చట్టం రాకముందే నిజం పలికినవారిలో ఆ సినిమావారు కూడా ఉన్నారు అంటాము.

1940లో కన్నాంబగారితో "చండిక"లో నటించారు. అంతటితో ఆయన తెర జీవితం ముగిసినట్టే. మూడు చిత్రాలు. ఈ రోజులలో కొత్త నటుడు ఒక ఏడాదిలో చేసేటన్ని. 1946 ఏప్రిల్ 16న బళ్ళారిలో కన్నుమూశారు. ఆ ఊరిలో ఆయన పేరిట రాఘవ కళామందిరం ఉంది.

ఆయన వెంట నడిచిన ప్లీడర్లు ఇంకా ఉన్నారు. ద్రౌపది కథతో తీసిన ఆ ఓడిపోయిన చిత్రంలోనే కృష్ణుడు వేసిన బందా కనకలింగేశ్వరరావుగారు ఏలూరులో న్యాయవాది. 1942 నాటి "బాలనాగమ్మ"లో కార్యవర్ధి రాజుగా కనిపిస్తారు. ఆ తరువాత కూచిపూడి నాట్యానికి శాస్త్రీయ నృత్యంగా గుర్తింపు కావాలని గట్టిగా వాదించినవారిలో ఆయన ఒకరు. నల్లకోటు విద్య ఒక కళ పక్షాన ఉపయోగపడింది. ముక్కామల కృష్ణమూర్తిగారు గుంటూరు జిల్లా గురజాలవారు. మన లూథరన్ సోదరుల ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో చదివి, ఆ రోజులలో నాటకాలాడి, తరువాత లా కూడా చదివారు. కోర్టు దారి వదిలి సినిమా దారి పట్టారు. ఆయన కథానాయకుడుగా కంటే సహాయ పాత్రలలోనే నిలబడ్డారు. 1957లో "మాయాబజార్"లో దుర్యోధనుడు. 1963లో "నర్తనశాల"లో విరాటరాజు. ఆ విరాటుని జ్ఞాపకం చేసుకోండి. తన కొలువులోనే ఒక స్త్రీకి అన్యాయం జరుగుతుంటే, బావమరిది కీచకుని బలానికి జంకి నోరు మెదపలేని రాజు. దుర్యోధనుడు చెడ్డవాడు. విరాటుడు చెడ్డవాడు కాడు, భయస్థుడు. మనలో దుర్యోధనులు తక్కువ. విరాటులు మాత్రం ప్రతి ఇంట్లో ఉన్నారు, ప్రతి కమిటీలో ఉన్నారు. ఆ బలహీనతను తెర మీద పెట్టి మనకు చూపించడం చిన్న పని కాదు. 1961లో ఋష్యశృంగ చిత్రానికి దర్శకత్వం కూడా వహించి, 1987లో ముక్కామలగారు పరమపదించారు.

మన లేఖనాలలో కూడా ఈ విద్యకు ఒక సాక్ష్యం ఉంది. దావీదు రాజు తప్పు చేసినప్పుడు నాతాను ప్రవక్త నేరుగా నేరం మోపలేదు. పేదవాని ఒక్క గొర్రెపిల్లను ధనవంతుడు లాక్కున్న కథ చెప్పాడు. రాజు ఆగ్రహించి తీర్పు చెప్పాడు. ఆ తీర్పు తన మీదనే చెప్పుకున్నానని తరువాత తెలిసింది. కథ చెప్పేవాడు వినేవానినే న్యాయమూర్తి స్థానంలో కూర్చోబెడతాడు. కోర్టులో న్యాయమూర్తి ఒక్కడు. నాటకశాలలో, సినిమా హాలులో టిక్కెట్టు కొన్న ప్రతివాడూ న్యాయమూర్తే. అందుకనే మేము ఈ ప్రసంగానికి "రెండవ న్యాయస్థానం" అని పేరు పెట్టుకున్నాము.

ఇక ఆ తండ్రికి జవాబు. అయ్యా, మీ భయం నిజమైనదే. వేషాలు వేసేవారిలో నూటికి ఒకడు నిలబడతాడు, తక్కినవారు ఇంటికి డబ్బు పంపమని ఉత్తరాలు వ్రాస్తారు. రాఘవగారు వృత్తిని వదలలేదు. పగలు కోర్టు చేసుకున్నారు, రాత్రి వేషం వేశారు. తెర మీద ఓడిపోయిన రోజున కూడా ఆయన ఇంటిలో పొయ్యి వెలిగింది. ముక్కామలగారు కోర్టు వదిలి వెళ్ళి తెర మీద నిలబడ్డారు. రెండు దారులూ ఉన్నాయి. మీ అబ్బాయికి ఏ దారి తగినదో చెప్పే అధికారం మాకు లేదు. మీ రెండెకరాల చెమటను మరచిపోవద్దని మాత్రం చెప్పగలము. నల్లకోటు తొడిగినా, రంగు పూసుకున్నా, అతని మాట ఎవరి పక్షాన వినపడుతున్నదో అడగండి. మన చుట్టూ పొలాలు ప్లాట్లుగా మారుతున్న ఈ రోజులలో, రెండెకరాల రైతు గురించి చెప్పవలసిన కథలు ఇంకా మిగిలి ఉన్నాయి. కోర్టులో చెప్పినా సరే, తెర మీద చెప్పినా సరే.

ఈ క్రిస్మస్‌కు యౌవనస్థులు వేయబోయే నాటకాన్ని ఆ కుర్రవానికే అప్పగించమని పెద్దలను వేడుకుంటున్నాము. మరియమ్మ వేషం మన ఆడపిల్లలలో ఒకరు వేస్తారని, ముందు వరుసలో ఆ తండ్రి కూర్చుంటాడని ఆశిస్తున్నాము.